ఆరూ ఇరవై చాయ్

"ఇయ్యాల్టిదాక ఆరూ ఇరవై ఐదు. రేపటి సంది ఆరూ ఇరవై," అన్నాడు శంకరలింగం గోడ గడియారం కేసి చూస్తూ.

ఐదు నిమిషాలకు ఏమైతది బాపూ అని ఉమాకాంత్ తండ్రిని అడగడం అప్పటికి మూడోసారి. చాయ్ తానే పెడతానని అత్త లీలమ్మ అనడం నాలుగోసారి. శంకరలింగం ఎవరి మాటా చెవిన పెట్టలేదు. చాయ్ కోడలి చేతిదే కావాలి, చెప్పిన టైముకే కావాలి.

"సరే మామా," అంది వసుధ, బూట్ల లేసులు విప్పుకుంటూ. లోపల మాత్రం పొయ్యి మీది పాల కంటే ముందు తనే పొంగింది.

ఉమాకాంత్‌ది అటవీశాఖ ఆఫీసులో ఉద్యోగం. ఇరవై ఏళ్లు అల్లపల్లిలో ఉండి, దసరా దాటాక బదిలీ మీద సొంతూరు సిరొంచకు వచ్చారు. అత్తమామలతో ఒకే కప్పు కింద కాపురం వసుధకు ఇదే మొదలు. పండుగలకు వచ్చినప్పుడు ఆమె లేచేసరికే మామ కిరాణా దుకాణం తెరిచి కూర్చునేవాడు. మామ అంటే ఆమెకు తెలిసింది గల్లా ముందు ఒక తెల్ల చొక్కా, అంతే.

గడ్చిరోలిలో హాఫ్ మారథాన్ పెడుతున్నారని కూతురు నందిత ఫోన్‌లో చూపించింది. ఇరవై ఒక్క కిలోమీటర్లు, మూడు గంటలు. ఆలోపు రాలేని వాళ్లను వెనకాల వచ్చే బండి ఎక్కించుకుంటుంది. నలభై ఐదేళ్ల వసుధ కోరిక పెద్దదేం కాదు. ఆ బండి ఎక్కకుంటే చాలు.

భయపడుతూనే మామను అడిగింది. ఆయన కాసేపు గడియారం చూశాడు.

"ఉరుకు. కాని నా చాయ్ యాళ్ల తప్పొద్దు. ఒక్కనాడు తప్పినా ఉరుకుడు బంద్."

అప్పటి నుంచి రోజూ ఐదుంబావుకు ఇల్లు కదిలేది. బామ్ని రోడ్డు మీద మూడున్నర కిలోమీటర్లు పోతే రోడ్డు కింద వాన నీళ్లు పోయే ఒక మోరీ. అక్కడి నుంచి వెనక్కి. బామ్ని ఆమె పుట్టినూరు. ఆ దారిలో టేకు దుంగల లారీ పోతే లేచే దుమ్ము వాసన కూడా ఆమెకు చిన్నప్పటిదే. తొమ్మిదో తరగతిలో చెప్పులు లేని కాళ్లతో ఉరికి తాలూకాలో ఫస్టు వచ్చింది. జిల్లా పోటీలు గడ్చిరోలిలో. నాయిన ఎర్ర రిబ్బన్లు కొన్నాడు. తెల్లారితే ప్రయాణం అనగా వాగు పొంగి బస్సు రాలేదు. మూడు రోజులు రాలేదు. నాలుగో రోజు వచ్చేసరికి పోటీలే అయిపోయాయి. ఆ రిబ్బన్లు మడత విప్పకుండానే పెళ్లి దాకా ట్రంకు పెట్టెలో ఉండిపోయాయి.

మోరీ దగ్గర తిరిగేటప్పుడు ఒక్క క్షణం ఆగి ఊరి వైపు చూడాలనిపించేది. చాయ్ గుర్తొచ్చి ఆగేది కాదు.

మొదట మామ ఆరూ ముప్పావు అన్నాడు. దానికి కాళ్లు అలవాటు పడేసరికి ఆరున్నర అయింది, తర్వాత ఆరూ ఇరవై ఐదు. ఆదివారం ఒక్కటే ఏడున్నరకు ఇచ్చినా సరేనన్నాడు. ఆ రోజు పూజ పొడుగు కాబోలనుకుని వసుధ ఆదివారాలు మోరీ దాటి రెట్టింపు దూరం ఉరికింది. మిగతా రోజుల్లో గ్లాసు అందుకుని, గడియారం చూసి, అరుగు మీదికి పోయేవాడు. కాసేపటికి ఖాళీ గ్లాసు వంటింటి గట్టు మీద ఉండేది.

ఓపిక పట్టలేక ఒకరోజు అడిగింది, ఇంత తొందర ఎందుకు మామా అని. ఆయన గోదావరి మీద వంతెన లేని రోజుల్లోకి పోయాడు. సరుకు కోసం అవతలి ఒడ్డుకు పోవాలంటే మొదటి పడవ అందుకోవాలి. అది తప్పితే ఆ రోజు దుకాణంలో ఉప్పు కూడా ఉండదు. పొద్దు పొడవకముందే సగం బజారు రేవుకు ఉరికేదట. ఎవరి పంచె జారింది, ఎవరు బురదలో పడ్డారు, పేర్లతో సహా చెప్పాడు. ఆయన నవ్వడం వసుధ అప్పుడే చూసింది.

"పడవోడు ఎన్నడు ఎవ్వన్ని ఉరుకుమనలే. యాళ్లకు విడిచేటోడు, అంతే. మేమే ఉరికేది." అంతలోనే ముఖం బిగించాడు. "నిన్న చాయ్‌ల అల్లం తక్కువైంది."

వసుధ వంటింట్లోకి వచ్చి అత్త దగ్గర మొర పెట్టుకుంది. లీలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మీ మామ చాయ్ సంగతి నన్నడగకు అంది.

పోటీకి మూడు రోజుల ముందు, చివరి ప్రాక్టీసు. ఊరు ఇంకో కిలోమీటరు ఉందనగా పిక్క పట్టేసింది. రోడ్డు పక్కన కూలబడి రెండు చేతులా పిసుక్కుంది. ఇక్కడ ఆగితే చాయ్ తప్పుతుంది, చాయ్ తప్పితే గడ్చిరోలి తప్పుతుంది. ఈసారి వాగు కూడా పొంగలేదు, ఏం చెప్పుకుంటుంది? లేచి కుంటింది, కుంటుతూనే ఉరికింది. బూట్లతోనే వంటింట్లోకి దూరింది. గ్లాసు మామ చేతిలో పెట్టేసరికి ఆరూ ఇరవై. ఆయన గడియారం చూశాడు, ఆమె పిక్క కేసి చూశాడు, అరుగు మీదికి పోయాడు.

మర్నాడు మధ్యాహ్నం అందరూ అన్నాలకు కూర్చున్నారు. నందిత కాగితం మీద లెక్క చూపించింది.

"మొదట్ల ఏడు కిలోమీటర్లకు గంటా ఇరవై నిమిషాలు పట్టేదమ్మా. ఇప్పుడు యాభై ఐదు. గిట్లనే ఉరికితే ఆ బండి నీ దరిదాపులకు గూడ రాదు."

శంకరలింగం అన్నంలో మజ్జిగ పోసుకున్నాడు. తల ఎత్తకుండానే చెప్పాడు.

"రేపు, ఎల్లుండి దుకాణం బంద్. జీపు మాట్లాడిన. అందరం గడ్చిరోలి పోతున్నం."

ఇంట్లో పెళ్లయినా ఒక తలుపు తెరిచి ఉంచే దుకాణం అది. అంత సంతోషంలోనూ వసుధకు పాత భయమే ముందు గుర్తొచ్చింది.

"పరుగు ఆరింటికే మొదలు మామా. ఆ పొద్దు మీ చాయ్ ఎట్ల?"

ఉమాకాంత్, లీలమ్మ నవ్వు ఆపుకుంటూ తలలు దించుకున్నారు. శంకరలింగం మజ్జిగన్నం కలుపుతూనే నెమ్మదిగా అన్నాడు.

"నేనెన్నడూ చాయ్ తాగలే బిడ్డా."