రెండు రాళ్లు, ఒకే ధర

"రెండింటికీ ఒకటే ధర ఏమిటండీ? ఇది శనగగింజంత ఉంది, అది పెసరగింజంత కూడా లేదు!"

దుకాణానికి రెండోసారి వచ్చిన లిఫ్టు మెకానిక్‌కు అనుమానం వచ్చింది. పెళ్లి ఉంగరం కొనడానికి వజ్రాల దుకాణంలో అడుగుపెట్టినవాడికి అనుమానం రాకపోతేనే వింత.

దుకాణదారు నల్లగుడ్డ మీద రెండు రాళ్లనూ పక్కపక్కకు జరిపాడు.

"తేడా అంతా సానలో ఉంది బాబూ. పెద్దదాన్ని ఇంకా పెద్దగా కనబడాలని లోతు లేకుండా చెక్కేశారు. పడిన వెలుగు అడుగు నుంచి జారిపోతుంది. చిన్నదానికి సాన చక్కగా కుదిరింది. వెలుగంతా తిరిగి పైకే వస్తుంది."

"నా కంటికి రెండూ ఒకేలా మెరుస్తున్నాయే!"

"ఓసారి ఆ మెట్ల కింద నీడలోకి తీసుకెళ్లి చూడు నాయనా" అన్నాడు పక్క కుర్చీలోని ముసలాయన. "ఈ దీపాల కింద గాజుపెంకైనా మెరుస్తుంది."

సన్నటి మనిషి. కోటు మోచేతుల దగ్గర మాసికలు. రుమాలు అడ్డం పెట్టుకుని దగ్గుతూనే ఉన్నాడు. ఏదీ కొనలేదు, కుర్చీ వదల్లేదు.

అడగని సలహాలంటే మెకానిక్‌కు ఒళ్లు మంట.

"పిల్లదేముందండీ, నర్సు, ఏమిచ్చినా నవ్వుతూ తీసుకుంటుంది. చూసేది వాళ్ల పెద్దమ్మ. తల్లి పోతే పసిగుడ్డుగా ఉన్నప్పటి నుంచీ ఆవిడే పెంచింది. ఆవిడ ఊ అంటేనే పెళ్లి. ఇంత చిన్నది పట్టుకెళ్తే, లిఫ్టులు బాగుచేసేవాడు ఇంతకంటే ఏం తెస్తాడులే అనుకోదూ?"

"అనుకోదు" అన్నాడు ముసలాయన.

"మీకెలా తెలుసు?"

ముసలాయన తడబడ్డాడు.

"అంటే... నేనూ ఒకప్పుడు ఇలాగే కొన్నాను. చిన్నదే తీసుకున్నాను. ఆవిడ ఎంత మురిసిపోయిందో!"

"ఆవిడ మురిసిపోతే ఈవిడా మురిసిపోవాలనేముంది?"

"నర్సు అన్నావు కదా. రోజంతా గ్లౌజులు తొడుక్కోవాలి, తీయాలి. పెద్ద రాయైతే తగులుకుని చిరుగుతాయి. నా మాట విను నాయనా, చిన్నది తీసుకో. నీకు పుణ్యం ఉంటుంది."

ముసలాయన అతని చెయ్యి పట్టుకున్నాడు. ఆ పట్టు చూసి మెకానిక్‌కు విషయం అర్థమైపోయిందనిపించింది.

"ఇది అమ్మిపెడితే మీకెంత ముడుతుందేమిటి?"

ముసలాయన చెయ్యి తీసేశాడు. దుకాణదారు ఏదో చెప్పబోతే వద్దని తలూపాడు. దగ్గుకుంటూ లేచి వెళ్లిపోయాడు.

మెకానిక్ పెద్దదే కొన్నాడు.

పెద్దమ్మ కుట్టుమిషను ముందు కూర్చునే ఉంగరాన్ని కిటికీ వైపు ఎత్తి చూసింది.

"రాయి పెద్దదే నాయనా" అంది. అంతే. మళ్లీ సూదిలో దారం ఎక్కించుకుంది.

అతని ప్రాణం ఉసూరుమంది.

తర్వాత మిగిలిందీ తెలిసొచ్చింది. ఆసుపత్రి గదుల్లో ఆ రాయి నడిమధ్య పొరపట్టిన కన్నులా మసగ్గా ఉండేది. గ్లౌజులు చిరిగాయి. పిల్ల పల్లెత్తు మాట అనకుండా ఉంగరం తీసి బీరువాలో దాచింది. తిట్టినా బాగుండేదనిపించింది అతనికి.

సిగ్గు చంపుకుని దుకాణానికి వెళ్లాడు.

"ఇది మార్చి ఆ చిన్నది ఇవ్వండి."

"అది లేదు బాబూ. ఊరు మీదుగా పోతూ ఎవరో కొనుక్కెళ్లారు. అసలది నా సరుకే కాదు."

"మరెవరిది?"

"ఎంత ముడుతుందని అడిగావే, ఆయనది."

మెకానిక్ ఖాళీగా ఉన్న ఆ కుర్చీ వైపు తిరిగాడు.

"నువ్వు మొదటిసారి వచ్చినప్పుడు పిల్ల నర్సనీ, పెద్దమ్మ బట్టలు కుడుతుందనీ నీ గోడంతా వెళ్లబోసుకున్నావు కదా. ఆయన ఆ కుర్చీలోనే ఉన్నాడు. మర్నాడే ఆ రాయి తెచ్చాడు. ఈ అబ్బాయికే చూపించు, అతనికి అందే ధరే చెప్పు అన్నాడు. ఎందుకని అడిగితే చెప్పడు. అసలు ధర వింటే నువ్వు నిలబడలేవు."

"ఆయనకెక్కడిది?"

"చేసుకోవాల్సినావిడకి ఉంగరంలో పెట్టి తొడిగిందట. ఈలోగా ఆవిడ మీద ఏదో ఇంటిభారం పడింది. అది వదిలించుకుని వస్తేనే కోడలన్నారట ఈయన ఇంట్లోవాళ్లు. ఆవిడ ఉంగరం తీసి పంపించేసింది. ఈయన నోరు మెదపలేదు. ఆ తర్వాత పెళ్లీ చేసుకోలేదు."

"ఆయన ఇల్లు చెప్పండి. కాళ్లు పట్టుకుంటాను."

"ఆలస్యమైంది బాబూ. దగ్గే ఆయన్ని తీసుకుపోయింది. ఆ రాయి అమ్మి తన కర్మకాండ కానిచ్చేయమన్నాడు. వెంట నడిచింది నేనూ, ఆయన ఇంటి ఓనరూ."

మెకానిక్ నేరుగా పెద్దమ్మ దగ్గరికి వెళ్లాడు. ఎవరితోనైనా చెప్పుకోకపోతే ఊపిరాడేలా లేదు. మిషను టకటకల మధ్యే జరిగిందంతా చెప్పేశాడు, ముసలాయన్ని అన్న మాటతో సహా.

"అంత పెద్ద మనసుతో ఇస్తే నేను ఛీకొట్టానండీ. ఆయన అన్నేళ్లు ఆ రాయి దాచుకున్నాడు. ఆవిడెవరో, ఎక్కడుందో. ఈపాటికి మర్చిపోయే ఉంటుంది."

మిషను ఆగింది. పెద్దమ్మ సూది కింది నుంచి గుడ్డ తీసి పక్కన పెట్టింది.

"మర్చిపోలేదు నాయనా" అంది, "ఆ భారం అప్పుడు పొత్తిళ్లలో ఉంది, ఉంగరం తీసి పంపించి దాన్ని ఒళ్లోకి తీసుకున్నది నేనే."