టవర్ కాడికి ముందెవరు?

"అన్నా, గీ గల్లీలకెల్లి తిప్పనా? చిటికెల గడియారం టవర్ కాడుంటం."

స్టీరింగ్ మీద వేళ్లు టకటకలాడిస్తూ అడిగాడు వేణు. వెనక సీట్లో కూర్చున్న కౌన్సిలర్ శ్రీహరి ససేమిరా అన్నాడు.

"పందెం మెయిన్ రోడ్డు మీదరా. దొంగతొవ్వల పోతే నలుగురు నవ్వరా?"

'ఇప్పుడు నవ్వుతలేరా!' అనుకున్నాడు వేణు, పైకి అనలేదు. డ్రైవరు నోరు అదుపులో ఉండాలి. ముందు కొండగట్టుకు పోయే బస్సు, పక్కన గడ్డి ట్రాక్టరు, వెనక ఆగని హారన్లు. కారు అంగుళం కదిలితే ఒట్టు. అంతలో కిటికీ పక్కనుంచి మంజుల బెల్లు కొట్టుకుంటూ వచ్చి, బస్సుకూ దుకాణాలకూ మధ్య సందులో సైకిలు దూర్చి మాయమైంది.

మంజుల బట్టలు కుడుతుంది. నెల కిందట ఆమె బిడ్డ ప్రవళిక సైకిలు మీద కాలేజీకి పోతుంటే ఈ రోడ్డు మీదే ఆటో తగిలి పడింది. చెయ్యి విరిగింది. ఆ పిల్లను ఆసుపత్రికి తీసుకుపోయింది ఈ కారులోనే. దారి పొడుగునా పిల్ల ఏడుస్తుంటే శ్రీహరి కిటికీలోంచి ఆ రోడ్డునే చూస్తూ కూర్చున్నాడు.

తర్వాత జరిగిన వార్డు సభలో మంజుల లేచి నిలబడింది.

"రోడ్డుకు ఒక పక్క సైకిళ్లకు తొవ్వ ఇడువుండ్రి. మా పిల్లలు పానాలతోటి ఇంటికి రావద్దా?"

"మరి మా గిరాకీల బండ్లు యాడ పెట్టాలె?" అని కిరాణా గంగయ్య అరిచాడు. దుకాణాల వాళ్లంతా వంత పాడారు. శ్రీహరిని గెలిపించింది వాళ్లే మరి.

శ్రీహరి మైకు అందుకున్నాడు. "సైకిళ్లతోటి ఊరు ముందటికి పోతదా చెల్లె? పాత బస్టాండు నుంచి టవర్ దాకా నా కారు, నీ సైకిలు. నువ్వు ముందు పోతే సైకిళ్ల తొవ్వకు నేనే గీత కొట్టిస్త. మంగళారం పొద్దుగాల, అందరి ముందట! ఏం గంగన్నా, ఒప్పుకుంటవా?"

"ఎందుకొప్పుకోను? మాటంటే మాటే!" గంగయ్య బల్ల మీద చరిచాడు. కారు ముందు సైకిలెంత అని హాలంతా ఒకటే నవ్వు.

"సరే అన్నా. నా బిడ్డ సైకిలు మీదనే వస్త" అంది మంజుల.

"మంగళారం వద్దన్నా, కొండగట్టు అంజన్న కాడికి పోయే జనముంటరు" అని వేణు చెవిలో చెప్పినా శ్రీహరి వినిపించుకోలేదు.

ఎట్టకేలకు కారు టవర్ చేరేసరికి మంజుల చాయ్ తాగడం కూడా అయిపోయింది. కాలేజీ పిల్లలు ఈలలు వేశారు. శ్రీహరి దిగి, అందరూ చూస్తుండగా చేతులు జోడించాడు.

"ఓడిపోయిన చెల్లె. గంగన్నా, నువ్వే సాక్షి. ఇగ మాట తప్పేది లేదు."

"తప్పుడేంది... బండ్లు ఎనుక గల్లీల పెట్టిపిచ్చుకుంటం తీ" అన్నాడు గంగయ్య, తల దించుకుని.

తిరిగి వచ్చేటప్పుడు వేణు ఇక ఆగలేకపోయాడు.

"మంగళారం వద్దంటి. గల్లీలకెల్లి పోదామంటి. ఒక్కటన్న వింటివా అన్నా? అందరి ముందట ఇజ్జత్ పాయె!"

శ్రీహరి కిటికీ అద్దం దించి, గాలికి కళ్లు మూసుకుని నవ్వాడు.

"నేను గెలుస్తే ఆ పిల్లలకు తొవ్వెట్లొస్తదిరా?"