ఏడో పోర్టు

స్విచ్‌లోకి ఎవరో దొంగచాటుగా వస్తున్నారు.

నరసరావుపేటలోని ఆ బ్లడ్ బ్యాంకులో, కంప్యూటర్లనూ మిషన్లనూ కలిపే నెట్‌వర్క్ స్విచ్ లాగ్ చూడగానే ఉజ్మాకు సంగతి అర్థమైంది. స్విచ్‌ని నడిపించే కన్సోల్‌కి పాస్‌వర్డే లేదు. కేబుల్ ఉన్నవాడు ల్యాప్‌టాప్ తగిలిస్తే చాలు, సర్వాధికారాలూ వాడివే.

వింతేమిటంటే, వచ్చినవాడు ఏమీ ఎత్తుకుపోవడం లేదు. రోజూ పొద్దున్నే ఏడో పోర్టును, అంటే ఏడో కేబుల్ తగిలించిన దారిని మూసి, వెంటనే తెరిచి వెళ్లిపోతున్నాడు. అంతే!

ఏమిటీ పిచ్చి పని? ఉజ్మా ఎంత బుర్ర గోక్కున్నా తేలలేదు.

వినుకొండ నుంచి ఆమె వచ్చిందే ఈ స్విచ్‌లకు తాళాలు బిగించడానికి. ఒంటరిగా చేస్తున్న మొదటి పని. మాట రాకూడదు.

కన్సోల్‌కి పాస్‌వర్డ్ పెట్టి, యూజర్లను తయారుచేసింది. తనకు అన్ని అధికారాలూ, ఇక్కడివాళ్లకు చూసే అధికారం మాత్రమే. మిగతావాళ్లకు లోపలికి దారే లేదు.

మర్నాడు పొద్దున్న తలుపు దగ్గర ఓ పెద్దాయన నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో పాత ల్యాప్‌టాప్.

"అమ్మాయ్, కన్సోల్‌కి పాస్‌వర్డ్ పెట్టావా?"

దొంగ తనంతట తనే దొరికాడు!

"రోజూ వచ్చేది మీరేనా? ఇక్కడ పనిచేస్తారా?"

"లేదమ్మా."

"మరి ఏడో పోర్టుతో మీకేం పని?"

"రక్తం పెట్టే ఫ్రిజ్ అలారం దాని మీదే ఉంది. పాతది, ఊరికే బిగుసుకుపోద్ది. పోర్టు మూసి తెరిస్తే మళ్లీ లేస్తది. కొత్తది తెప్పిస్తాం తెప్పిస్తాం అంటన్నారు, తేవట్లా."

"బయటివాళ్లకు అధికారాలు ఇవ్వకూడదండీ."

"అన్నీ నేనేం చేసుకుంటా? ఆ ఒక్క పోర్టు మూసి తెరిచేదానికే ఇయ్యి, చాలు."

అలా ఒక్క పనికే అనుమతి ఇవ్వొచ్చని ఉజ్మాకు తెలుసు. పెద్ద కష్టమూ కాదు. కానీ ముక్కూ మొహం తెలియని మనిషికా?

"సెక్యూరిటీని పిలవమంటారా?"

పెద్దాయన మొహం చిన్నబోయింది.

"పోనీ, నువ్వన్నా రోజూ చూడమ్మా" అని వెళ్లిపోయాడు.

చూద్దాంలే అనుకుంది ఉజ్మా. వినుకొండ తిరిగి వెళ్లాక, పని బాగా చేశావని మేనేజరు మెచ్చుకున్నాడు. ఆ సంబరంలో ఏడో పోర్టు మాటే మరిచిపోయింది.

వారం తిరక్కుండానే బ్లడ్ బ్యాంకు నుంచి ఫోన్ వచ్చింది. ఫ్రిజ్ ఆగిపోయిందట, అలారం మోగలేదట. సంచుల్లోని రక్తమంతా పారేయాల్సి వచ్చిందట.

ఉజ్మా పరుగున వచ్చింది. ఖాళీ అరలు చూసేసరికి ఏడుపు తన్నుకొచ్చింది. తప్పు తనదే.

"ఆ పెద్దాయన్ని పిలిపించండి. ఆయనకు పర్మిషన్ ఇప్పుడే ఇచ్చేస్తాను" అంది, ల్యాబ్ టెక్నీషియన్ ఆనంద్ బాబుతో.

"దేవదాసు మాస్టారా? ఇంక రాడు మేడం. పాలిటెక్నిక్‌లో కంప్యూటర్లు చెప్పిన మనిషి. సెక్యూరిటీని పిలుస్తా అన్నారంట గదా, చానా బాధపడ్డాడు. ఆ రోజు నేను సెలవులో ఉన్నా, లేకపోతే మీకు చెప్పేవాణ్ణే. రూం తాళం రోజూ నేనే తీసిచ్చేది."

"జీతం లేదు, సంబంధం లేదు. ఆయనకెందుకండీ అంత పట్టింపు?"

ఆనంద్ బాబు ఫ్రిజ్ తలుపు మెల్లగా మూశాడు.

"మునుపు ఒకసారి కూడా ఈ అలారం ఇట్టాగే మోగలా మేడం. ఆ రోజు కాన్పులో రక్తం అందక చనిపోయింది ఆయన కూతురే."