లొంగిపోయాక

"అమ్మాయ్, ఈ మీట నొక్కగానే తెర నల్లబడిపోతోందేం?"

పెద్దాయనది మళ్ళీ అదే ప్రశ్న.

ఆమె ఉసూరుమంటూ వెనక్కి తిరిగింది. పొద్దుటినుంచి నిలబడి కాళ్ళు పీకేస్తున్నాయి. చెప్పిందే చెప్పి గొంతు బొంగురుపోయింది.

వీడియో గేములకు నియమాలు రాయడం ఆమె ఉద్యోగం. పాతకాలపు రాజ్యాలు, యుద్ధాలు, సంధులు అన్నీ పటం మీద నడిపించే పెద్ద ఆట వాళ్ళ కంపెనీది. త్వరలో రాబోయే కొత్త భాగంలో కోటల ముట్టడి పెట్టారు. అందులో ఆమె సొంతూరి కోట కూడా ఉంది. దాంతో ఊరి టౌన్‌హాల్లో దాన్ని ముందుగా జనానికి చూపించే పని ఆమె నెత్తినే పడింది.

వచ్చినవాళ్ళంతా ఫిరంగులు పేల్చి, గోడలు కూల్చి, కేకలు పెట్టి వెళ్తున్నారు.

ఈయన మాత్రం కోట లోపలి పక్షం తీసుకున్నాడు. గిడ్డంగిలో ధాన్యం తగ్గడం మొదలవగానే 'లొంగిపో' అన్న మీట నొక్కాడు. ఓడిపోయారు అని వచ్చింది. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ అదే మీట.

"లొంగిపోకూడదండీ, నిలబడాలి" అంది ఆమె ఓపిక తెచ్చుకుని. "లోపలి గోడ ఇంకా గట్టిగానే ఉందిగా."

"నిలబడితే?"

"రాజధాని నుంచి సైన్యం వస్తుంది."

"రాకపోతే?"

"రాకపోయినా ఫర్వాలేదండీ. చివరిదాకా పోరాడినందుకు కీర్తి పెరుగుతుంది."

"ఎవరికి? పోయినవాళ్ళకా?"

పక్కనే ఉన్న, ఆటకు బొమ్మలు గీసే ఆయన గొంతు తగ్గించి విసుక్కున్నాడు.

"మేడం, ఆయన లేస్తాడా లేవడా? వెనక లైను గుమ్మం దాటింది."

"సార్, మిగతావాళ్ళు కూడా ఆడాలి కదండీ..." అంది ఆమె పెద్దాయనతో.

"లేస్తానమ్మా. ఒక్క మాట చెప్పు. లొంగిపోతే ఆట అయిపోయినట్టేనా?"

"అంతేనండీ."

"అసలు ఆట అక్కడే కదా మొదలయ్యేది!"

ఆయన నల్లబడిన తెరకేసి చూస్తూ చెప్పుకుపోయాడు. "అవతలివాడితో బేరమాడాలి. ఇళ్ళలోకి సిపాయిలు రాకుండా మాట తీసుకోవాలి. దెబ్బలు తగిలినవాళ్ళని ఎటు తీసుకెళ్ళాలి, నీళ్ళు ఎవరు వదలాలి, పిల్లలకి పాలెక్కడివి... ఒక్కోదానికీ కాళ్ళావేళ్ళా పడాలి. వాడు నవ్వుతాడు. అయినా అడగాలి. అదంతా ఏదమ్మా ఇందులో?"

"అదంతా పెడితే విసుగొస్తుందండీ" అంది ఆమె. "జనానికి కోట నిలబెట్టడమే ఇష్టం."

పెద్దాయన ఆమె మొహంలోకి చూశాడు. కోపమేమీ లేదు.

"అవును. జనానికి అదే ఇష్టం."

మోకాళ్ళ మీద చేతులు ఆనించి మెల్లగా లేచాడు. లైనులోవాళ్ళు హమ్మయ్య అనుకున్నారు. ఒకడు చప్పట్లు కూడా కొట్టాడు. ఆమెకు నవ్వొచ్చింది.

సరిగ్గా అప్పుడే అమ్మ భోజనం క్యారేజీ పట్టుకుని లోపలికి వస్తోంది. గుమ్మంలో ఇద్దరూ ఎదురుపడ్డారు. పెద్దాయన పక్కకి ఒదిగి దారిచ్చాడు. అమ్మ మొహం తిప్పుకుని గబగబా వచ్చేసింది.

"ఆయన నీకు తెలుసా?" అడిగింది కూతురు, చేతులు తుడుచుకుంటూ.

"తెలియకపోవడమేం! ఏమంటాడు?"

"చాదస్తం మనిషిలా ఉన్నాడమ్మా. లొంగిపోయాక కాళ్ళావేళ్ళా పడటాలూ, దెబ్బలు తగిలినవాళ్ళని మోయడాలూ కూడా ఆటలో పెట్టాలట!"

క్యారేజీ మూత తీస్తున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది.

"కాళ్ళావేళ్ళా పడాలన్నాడా?"

"ఆ. వాడు నవ్వినా అడగాలట."

అమ్మ కుర్చీలో కూలబడింది.

"వెళ్ళు, ఆయన్ని పిలుచుకురా."

"ఇప్పుడా? ఆకలి దంచేస్తోంది..."

"వెళ్ళవే! నేను రమ్మన్నానని చెప్పు."

ఆమె పీకుతున్న కాళ్ళతోనే వీధిలోకి పరుగెత్తింది. బస్సు స్టాపులో ఎవరూ లేరు. బస్సు అప్పుడే వెళ్ళిపోయిందనీ, ముసలాయనెవరో ఎక్కాడనీ మూలనున్న చెప్పుల దుకాణం ఆవిడ చెప్పింది.

తిరిగొచ్చేసరికి అమ్మ అన్నం వడ్డించకుండా అలాగే కూర్చుని ఉంది.

"వెళ్ళిపోయాడమ్మా. ఇంతకీ ఎవరాయన?"

"నువ్వు నా కడుపులో ఉండగా మన ఊరిని సైన్యం చుట్టుముట్టింది, తెలుసుగా?"

"తెలుసు. మేయరు పిరికివాడై ఊరిని అప్పగించేశాడటగా. బళ్ళో ఎవరు ఓడిపోయినా మేయరూ, మేయరూ అని ఏడిపించేవాళ్ళం."

"ఆ మేయరే."

ఆమె ఆట తెర వైపు చూసింది. ఎవరో ఫిరంగి పేల్చారు. లైనంతా కేరింతలు కొట్టింది.

"ఊళ్ళో అందరూ ఆయన్ని వెలేశారు. నలుగురికీ జడిసి నేనూ ఇన్నేళ్ళూ మొహం తిప్పుకునే తిరిగాను" అంది అమ్మ. "కానీ అప్పటికి నాకు రెండురోజులుగా నొప్పులు, ఆసుపత్రేమో వంతెన అవతల, ఆయన ఒంటరిగా ఎదురెళ్ళి, వాళ్ళు నవ్వుతున్నా కాళ్ళు పట్టుకుని, కాల్పులు ఆపించి ఆ వంతెన తెరిపించాడు కాబట్టే నువ్వు బతికి పుట్టావు."