ఎదురులేని కోచ్

త్రినాథరావు తన చాయ్ గ్లాసుని పక్కకి జరిపాడు.

ఎదుట కూర్చున్న ఉపేంద్ర ఉస్మానియా బిస్కెట్‌ని చాయ్‌లో ముంచాడు. అది విరిగి గ్లాసులో పడింది. వేలు పెట్టి తీసుకుని చప్పరించాడు. ఆ వేలు చొక్కాకి తుడుచుకుని, అదే చెయ్యి చాచాడు.

"మా బావ బెంగళూరు టీమ్‌ని కొనేశాడండి. కొత్తగా పెడుతున్న ప్రొఫెషనల్ లీగ్! కోచ్‌గా మీరే కావాలంటున్నాడు."

కొనేశాడట! బాస్కెట్‌బాల్ జట్టు కాదు, సంతలో గేదె అయినట్టు. ఛీ అనుకున్నాడు త్రినాథరావు. అనుకుంటూనే ఆ తడి చేతిని పట్టుకుని ఊపాడు.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ రోజు బంద్. హోటల్ షట్టర్ సగానికి దించి లోపల గుట్టుగా చాయ్ పోస్తున్నారు. బయట 'జై తెలంగాణ' నినాదాలు హోరెత్తుతున్నాయి.

"పొద్దున మీ కాలేజీ సెమీఫైనల్ చూద్దామనుకున్నానండీ. నాగోల్ నుంచి ఒక్క ఆటో కూడా రాలేదు."

"చూడ్డానికేముంది లెండి? ఏకపక్షం."

"రెండేళ్లుగా ఓటమే లేదటగా?"

"ఓటమా? మావాళ్ల మీద ఇంతవరకూ ఒక్క పాయింటు పడలేదు. అసలు మా ఎదుట నిలబడ్డ జట్టేదీ?"

ఉపేంద్ర నోరు వెళ్లబెట్టాడు. బాస్కెట్‌బాల్ గురించి అతనికి తెలిసిందల్లా బంతి గుండ్రంగా ఉంటుందనే. వాళ్ల బావది బోరుబావుల వ్యాపారం.

"ఏంటండీ రహస్యం?"

"క్రమశిక్షణ. మ్యాచ్ తొమ్మిదింటికైతే మావాళ్లు ఎనిమిదింటికే సరూర్‌నగర్ స్టేడియంలో ఉంటారు. టోర్నమెంటు కమిటీలో నేనూ ఉన్నాను. ఎవరొచ్చి కాళ్లావేళ్లా పడ్డా తేదీ మార్చనివ్వను. టైముకి రానివాడు ఆటగాడేంటండీ?"

ఈ మాట అన్నప్పుడల్లా అతనికి తన మీద తనకే గౌరవం పెరుగుతుంది.

"రేపు ఫైనల్‌కి బావని తీసుకొస్తానండి. మ్యాచ్ చూసి, సంతకాలు అక్కడే పెట్టేసుకుందాం."

"రేపూ బందే కదా, ఎలా వస్తారు?"

"ఎలాగోలా వచ్చేస్తాం, మీరు దిగులు పడకండి."

త్రినాథరావుకి దిగులు లేదు. ఉన్నదల్లా రోతే. బయట ఎదురుచూస్తున్న జట్టు కెప్టెన్ మహేందర్‌ని వెంటబెట్టుకుని ఇంటికి నడిచాడు. పొద్దున వేసుకున్న జెర్సీలోనే ఉన్నాడు మహేందర్, ఇస్త్రీ మడత కూడా చెదరకుండా. కొత్తపేట దగ్గర రోడ్డు మధ్యలో పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. ఒకాయన విస్తరాకులో పులిహోర పెట్టి, "జర తినిపోండి సార్" అన్నాడు. త్రినాథరావు ముక్కు మూసుకుని పక్కకి తప్పుకున్నాడు. ఈ పొగ, ఈ అరుపులు, ఈ జనం. ఛీ!

"సార్, బెంగుళూరు పోతరంట గదా?" అన్నాడు మహేందర్. "మీరు పోతే మా గతేంది? మీ పేరు జెప్పుకునే మాకు స్పోర్ట్స్ కోటాల సీట్లొచ్చినయి."

అబ్బాయి కళ్లలో నీళ్లు చూసి త్రినాథరావుకి ఒక్క క్షణం మనసు పీకింది. సొంత ఊరు తెనాలి అయినా, అతన్ని 'మా సార్' అని నెత్తిన పెట్టుకున్నది నల్లగొండ నుంచి చదువుకోడానికొచ్చిన ఈ పిల్లలే. పోతే ఇంత గౌరవం మళ్లీ దొరుకుతుందా? ఆ బోరుబావుల వాడి కింద పనిచెయ్యాలా?

ఇంట్లో భార్య కుసుమకుమారి మాత్రం ఒక్క మాటలో తేల్చేసింది. "వెళ్దామండీ. ఎప్పుడేమవుతుందోనని ఎన్నాళ్లు భయపడుతూ బతుకుతాం?"

సాయంత్రం ప్రిన్సిపాల్ ఇంటికి వెళ్లి రాజీనామా ఇచ్చేశాడు.

"తొందరపడకు త్రినాథరావ్. ఇంకా ఆరేళ్ల సర్వీసుంది. ఇది తీసుకున్నానంటే మళ్లీ వెనక్కి ఇవ్వలేను" అన్నాడు ప్రిన్సిపాల్.

"వెనక్కి ఎవడడుగుతాడండీ? రెండేళ్లు గెలిపిస్తే తలకో అరటిపండు పంచిన కాలేజీ మీది!"

గుమ్మం దిగుతుంటే పీడ విరగడైనట్టు అనిపించింది. పదవికి పదవి, ఊరికి ఊరు. ఇక ఈ రోత మొహాలు చూడక్కర్లేదు.

తెల్లారేసరికి రెండో రోజు బంద్‌ని ఎత్తేశారు. ఆర్టీసీ బస్సులు హారన్లు కొడుతూ తిరుగుతున్నాయి. పెట్టినప్పుడు తిట్టిన త్రినాథరావు, ఎత్తేసినప్పుడు అంతకు రెట్టింపు తిట్టాడు. "ఒక మాట మీద నిలబడి చావరు వెధవలు!"

కుసుమకుమారి విస్తుపోయింది. "మీరు కోరుకున్నదే కదండీ?"

త్రినాథరావు గబగబా చెప్పులేసుకున్నాడు.

స్టేడియంలో ఉపేంద్ర బావ ముందు వరసలో కూర్చుని ఉన్నాడు. మెళ్లో గొలుసు, ఒళ్లో పూలదండ. "రండి రండి కోచ్ గారూ! నా పక్కన కూర్చుని ఆట నేర్పండి" అని బలవంతాన కూర్చోబెట్టుకున్నాడు. అతని నోట్లోంచి జర్దా వాసన గుప్పుమంది. త్రినాథరావు మొహం తిప్పుకుని వాకిలి వైపు చూశాడు.

తొమ్మిదికి పది నిమిషాలుందనగా బయట బస్సు ఆగింది. ఖమ్మం కాలేజీ జట్టు దిగింది. ఒక్కొక్కడూ తాడిచెట్టంత ఉన్నాడు. వస్తూనే బంతి తీసుకుని ఠపఠప కొట్టడం మొదలుపెట్టారు.

త్రినాథరావు కుర్చీలోంచి సగం లేచాడు.

అంతలో మహేందర్ పరిగెత్తుకుంటూ వచ్చి, పక్కన ఎవరున్నారో కూడా చూసుకోకుండా అతని చెయ్యి పట్టుకుని అన్నాడు.

"సార్, మ్యాచ్ ఉన్ననాడల్లా బంద్ పడి, ఎల్బీనగర్ కాడనే బస్సులాగి అవతలి టీమ్ రాకపాయె, మనం ఆడకుంటనే గెలుస్తుంటిమి... గిప్పుడు నిజంగ ఆడాలంటే ఎట్ల సార్?"