కొసరు

ఇంటింటా పెరుగు గిన్నె పక్కన మందు గిన్నె కూడా ఉండే రోజులవి. మాణిక్యం వాళ్లింటి గిన్నెలోని బాక్టీరియా ఆమె మామగారికి ఇన్సులిన్ తయారుచేస్తుంది. కొన్నాళ్లుగా మందు సరిగ్గా రావడం లేదు.

“మేత పొడులు రెండూ వేస్తున్నారుగా, అత్తయ్యా?” అంది కోడలు మాణిక్యం.

“తెల్లపొడి కొసరు కూడా వేస్తున్నానే. పాపం, చాకిరీ చేస్తున్నాయి కదా” అంది హారిక.

“అక్కడే వచ్చింది చిక్కు. రెండు పొడుల్లోని అమైనో ఆమ్లాలకీ వాటి ఒంట్లోకి వాకిలి ఒకటే. మీ కొసరంతా వాకిట్లో కిక్కిరిస్తే రెండోది బయటే ఉండిపోతుంది. అది లేందే మందు తయారవదు.”

మర్నాటి నుంచి హారిక కొలిచి వేసింది. మందు మళ్లీ దిగింది.

ఆ మధ్యాహ్నం అలవాటుగా కోడలి కంచంలో మరో గరిటె ముద్దపప్పు వెయ్యబోయింది. మాణిక్యం చెయ్యి అడ్డం పెట్టింది.

“నాకూ వాకిలి ఒకటే, అత్తయ్యా.”

హారిక గరిటె ఆపింది.

“మరి ఇన్నేళ్లూ బయట ఉండిపోయిందేమిటే?”

“పెరుగన్నం.”