చెవిలోని కూత

అది మార్చి పన్నెండు. పియానోలు శ్రుతిచేసే పెద్దాయన ఆ రాత్రి రొట్టె, పాలతో సరిపెట్టుకున్నాడు. భార్య పోయినప్పటి నుంచి చెవుల్లో ఒకటే కూత. అది లొంగకపోతే పని మానుకోవాల్సిందే.

“అది మెదడు చేసే అల్లరి నాన్నా. డాక్టరమ్మ చెప్పినట్టు ఊపిరి లెక్కపెట్టుకుంటూ పడుకో,” అంది ఫోన్లో కూతురు.

“చెవిలో అద్దెకు దిగి ఖాళీ చేయనంటోందమ్మా. నేనూ పని మాననంటున్నా!”

దీపం ఆర్పి ఊపిరి లెక్కపెట్టాడు. కూత మెత్తబడింది. అదే పదివేలనుకున్నాడు. తీగల దగ్గరి అలవాటు కొద్దీ తల పక్కకు తిప్పి విన్నాడు. తల తిప్పితే చెవిలోది మారకూడదు. ఇది మారింది. భార్య గది వైపు తిరిగితే పెరుగుతోంది.

లేచి వెళ్లాడు. ఆ గది తలుపు ఓరగా తెరిచి ఉంది. దగ్గరికి వేస్తే కూత తగ్గింది, తీస్తే పెరిగింది.

“ఎవరైనా కానీ, పొద్దున్నే నాకు పనుంది,” అని చీకట్లోకి చెప్పి, తలుపు మెల్లగా మూసి గడియ పెట్టాడు.